పదిహేను వేల అడుగుల ఎత్తు నుంచి దయ

విమానాలు పంపితే చాలు, సైనికుడు నేలమీద కాలు పెట్టనక్కర్లేదు, దుర్మార్గుడు దారికొస్తాడు, బాధితులు బయటపడతారు అనే వాదం ఎక్కడ యుద్ధం రాజుకున్నా మళ్ళీ తలెత్తుతుంది. ఆ వాదం చేసేవారు సాక్ష్యంగా చూపేది 1999 నాటి కొసావోను. ఆ సాక్ష్యాన్నే కాస్త విచారిద్దాం.

మిలోసెవిచ్‌ను వెనకేసుకు రావడం నా పని కాదు. 1989లో కొసావో స్వయంప్రతిపత్తిని హరించింది ఆయనే. ఆ తరువాత అల్బేనియన్ భాషలో చదువు చెప్పే బడులకూ, విశ్వవిద్యాలయానికీ తలుపులు మూసుకున్నాయి. పిల్లలు ఇళ్ళలో కూర్చుని చదువుకున్నారు. సొంత భాషలో బడి కోసం అర్జీలు పెట్టుకునే మనకు ఆ బాధ ఎవరైనా విప్పి చెప్పాలా? (మన కష్టం వారి కష్టంతో సమానమని మాత్రం అనను. మనల్ని ఎవరూ తుపాకీతో తరమలేదు.) వారికి సాయం కావాలి, నిజమే. ఆ సాయం ఖర్చు ఎవరి పద్దులో రాశారన్నదే నా తగవు.

భద్రతామండలి అనుమతి లేకుండానే 1999 మార్చి 24న నాటో దాడి మొదలైంది. కొసావోలో పోరాటానికి పదాతి దళాలను దింపే ఉద్దేశం లేదని క్లింటన్ ఆ రాత్రే లోకానికి చాటారు. శత్రువుకు ఇంతకు మించిన అభయం ఎవరిస్తారు? 78 రోజుల్లో విమానాలు సుమారు 38 వేల సార్లు ఎగిరాయి. క్షిపణులకు అందకుండా 15 వేల అడుగులకు దిగువన ఎగరవద్దని పైలట్లకు ఆజ్ఞ. తక్కువ ఎత్తులో పోరాడగల అపాచీ హెలికాప్టర్లను అల్బేనియా దాకా తెచ్చి, ఒక్కసారి కూడా యుద్ధంలో వాడలేదు. శత్రువు కాల్పుల్లో నాటో మనిషి ఒక్కడూ చావలేదని ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటారు.

సరే, కింద ఏం జరిగింది? ఇల్లిల్లూ తిరిగి తలుపు తన్ని మనుషుల్ని తరిమే పోలీసు అంత ఎత్తు నుంచి కనబడడు. ఆ 78 రోజుల్లోనే ఎనిమిది లక్షల మందికి పైగా అల్బేనియన్లను దేశం దాటించారు. ఏప్రిల్ 14న జాకోవిట్సా దగ్గర ట్రాక్టర్లమీద పోతున్న శరణార్థుల వరుసను సైనిక వాహనాలనుకుని బాంబులు వేశారు. 70 మందికి పైగా పోయారు. వారు ఎవరనుకున్నారు? ఎవరిని కాపాడటానికి వచ్చారో వారే! ఆ తరువాత కొన్ని విమానాలు ఇంకా కిందికి దిగి చూడటానికి అనుమతి దొరికింది. అంటే ఆ ఎత్తు దైవనిర్ణయం కాదు, తమ పైలట్‌కూ కింది మనిషికీ మధ్య ప్రమాదాన్ని పంచడంలో చేసుకున్న ఎంపిక. మొత్తం మీద నాటో బాంబులకు సుమారు 500 మంది పౌరులు చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క తేల్చింది.

ఇక లెక్కల సంగతి. మా బ్యాంకు వాళ్ళకు గోదాము తనిఖీ కొత్త కాదు. తాకట్టు సరుకు చూపించమంటే ముందు వరుసలో ధాన్యం బస్తాలు, వెనుక ఊక బస్తాలు పేర్చే ఘనులుంటారు. గుమ్మంలో నిలబడి లెక్కపెట్టి సంతకం చేసే అధికారికి అన్నీ ధాన్యమే. సెర్బు సైన్యం సరిగ్గా ఆ విద్యే ప్రదర్శించింది. కొయ్యతో, ప్లాస్టిక్‌తో బొమ్మ ట్యాంకులు చేసి నిలబెట్టింది. యుద్ధం ముగిసేనాటికి 120 ట్యాంకులు ధ్వంసమన్నారు. సెప్టెంబరులో జనరల్ క్లార్క్ 93 అన్నారు, అందులో శిథిలాలు కనిపించినవి 26. నేలమీద తిరిగి చూసిన వైమానిక దళం బృందానికి దొరికినవి 14 మాత్రమేనని 2000లో న్యూస్‌వీక్ బయటపెట్టింది. మా శాఖలో ఏ గుమాస్తా అయినా ఇలాంటి పట్టిక తెస్తే ఆ సాయంత్రమే మెమో అందుకునేవాడు.

మే 7న బెల్‌గ్రేడ్‌లో చైనా రాయబార కార్యాలయాన్ని కొట్టారు. ముగ్గురు పోయారు. అమెరికా నుంచి బయల్దేరిన బీ-2 విమానం, ఉపగ్రహం దారిచూపే బాంబులు, గురి తప్పలేదు. కాగితం మీద చిరునామాయే తప్పు. యంత్రం ఎంత సూక్ష్మమైనా రాసిచ్చిన చోటికే పోతుంది.

చివరికి మిలోసెవిచ్ లొంగాడు కదా, శరణార్థులు ఇళ్ళకు చేరారు కదా అంటారు. చేరారు, కాదనను. అయితే ఆయన లొంగింది రష్యా చేయి వదిలాక, పదాతి దళాల మాట నాటోలో గట్టిగా వినబడ్డాక. అంటే మొదటిరోజు వద్దన్న పనే చివరికి బెదిరింపుగానైనా పనికొచ్చింది. ఆ తరువాత ప్రతీకారానికి భయపడి లక్షకు పైగా సెర్బులు, రోమాలు కొసావో విడిచిపోయారు. వారిని ఏ విమానం కాపాడింది?

నాటో దాడులపై దర్యాప్తు జరపడానికి తగిన ఆధారం లేదని 2000 జూన్‌లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ప్రాసిక్యూటర్ కార్లా డెల్ పోంటే ప్రకటించారు. జాకోవిట్సా రోడ్డుమీది ట్రాక్టర్ల ఫైలు కూడా ఆ కట్టలోనే మూతపడింది.