కాకియు తాటిపండును

బోధను పట్టణమున శక్కర్‌నగరు వైపునున్న ఒక వీధిలో, బీడీలు చుట్టుకొని బ్రతుకు ఒక తల్లి, తన పందొమ్మిదేండ్ల కూతురును వసారాలో ముందు కూర్చుండబెట్టుకొని, కొబ్బరిపీచుతో ఆ పిల్ల మెడవెనుక రుద్దుచుండగా నేను చూచితిని. ఒడిలోని చాట ప్రక్కకు జరుపబడి యున్నది. కత్తిరించిన తునికాకు ముక్కలు నేలపై చెదరి యున్నవి. పిల్ల కన్నులలో నీరు నిలిచియున్నది. మెడపై చర్మము మఖమలుగుడ్డవలె దళసరియై నల్లని చారలు దేరియుండెను. "గిదేం మురికో సారూ, ఎంత రుద్దినా పోతలేదు. రేపు పిల్లను చూడనీకి వచ్చేటోళ్లు ఏమనుకుంటరు?" అని ఆ తల్లి నాతో ననెను. పిల్ల దండచేతికి ఎఱ్ఱదారముతో కట్టిన తాయెత్తొకటి యుండెను. నాలుగు నెలలుగా పిల్లకు ముట్టు రాలేదనియు, గడ్డము క్రింద వెండ్రుకలు మొలిచినవనియు, జాతకములో నాగదోషమున్నదని ఒకరును, గిట్టనివారెవరో చేయించినారని మఱియొకరును చెప్పిరనియు ఆమెయే ఒకదాని వెంట నొకటి చెప్పుకొనిపోయెను.

ఆ నలుపు మురికి కాదు. రక్తములో ఇన్సులిను మితిమీరినపుడు, మెడ, చంకలు మొదలగు మడతలయందలి చర్మకణములు అతిగా పెరుగుటచేత కలుగు మార్పది. పీచుతో రుద్దినకొలది చర్మము ఒరసి మఱింత నల్లబడునే గాని తెల్లబడదు. ఆ మెడయు, ఆ వెండ్రుకలును, తప్పిపోయిన ఆ నెలలును గ్రహములు పంచుకొని పంపిన మూడు దోషములు కావు. ఒకే వ్యాధికి లక్షణములు. మన ఊళ్లలో దానిని పీసీఓడీ అందురు. పత్రికలవారు అండాశయములో నీటిబుడగలని వ్రాయుదురు. పిల్లలను కనగల వయస్సులో నున్న స్త్రీలలో సుమారు 10 మందిలో ఒకరికి ఈ వ్యాధి కలదనియు, ఉన్నవారిలో 70 శాతము వరకు మందికి తమకున్నదన్న సంగతియే తెలియదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఇది కలికాలపు తిండి తెచ్చిన క్రొత్త జబ్బనుకొనువారు కలరు. 1721లోనే వల్లిస్నేరి అను ఇటలీ వైద్యుడు, ఒళ్లు చేసి, సంతానము లేని కర్షకయువతుల అండాశయములు పావురపు గ్రుడ్లంత పెద్దవై మెఱయుచుండుటను వర్ణించియున్నాడు. 1935లో షికాగో నగరపు వైద్యులు స్టైన్, లెవెంథాల్ అనువారు ఏడుగురు స్త్రీలను పరీక్షించి, ముట్టు నిలిచిపోవుట, అవాంఛిత రోమములు, స్థూలకాయము, ఉబ్బిన అండాశయములు అను నాలుగింటిని ఒక చోట చేర్చి చూపిరి. నీటిబుడగలన్న పేరు మాత్రము సరియైనది కాదు. అవి కోసి తీయవలసిన గడ్డలు కావు. ప్రతినెల పెరిగి విడుదల కావలసిన అండమును మోయు చిన్న కోశములు నడుమ పెరుగుదల నిలిచి, అండాశయపు అంచున గుంపుగా మిగిలిపోయినవి. ఆ ఒక్క మాటచే బెదరి, గర్భసంచి తీసివేయుమని వైద్యులను బతిమాలుకొను స్త్రీలుండుట ఎంతయు విచారకరము. గర్భసంచి తీసినను ఈ వ్యాధి పోదు.

లోపల జరుగునదేమో బోధను వారికి తేలికగా బోధపడగలదు. 1937లో వెలసి, ఆసియాలోకెల్ల పెద్దదని పేరొంది, 2015లో మూతబడిన నిజాం చక్కెర కర్మాగారము గేటు ముందు, గానుగ ఋతువులో చెరకుబండ్లు బారులు తీరి నిలుచుట ఈ ప్రాంతపు పెద్దలెల్లరు చూచినదే. గేటు తెఱచువాడు మందకొడియైనచో లోపల సరకు లేక యంత్రము ఆగును. బయట బండ్లు పేరుకొనును. దేహములో కణముల గేట్లు తెఱచి చక్కెరను లోనికి పంపు పని ఇన్సులినుది. ఈ వ్యాధిగల పెక్కుమందిలో గేట్లు మొరాయించును. ఆ కొఱత తీర్చుటకై క్లోమము మఱింత ఇన్సులినును, అది చాలక ఇంకను అధికముగను స్రవింపజేయును. అట్లు పొంగిన ఇన్సులిను అండాశయమును ప్రేరేపించి పురుష హార్మోనులను మోతాదుకు మించి పుట్టించును. స్త్రీ దేహములో సహజముగనే కొద్దిగా నుండవలసిన ఆ హార్మోనులు పెచ్చు పెరుగుటవలన గడ్డము క్రింద రోమములు మొలచును, మొటిమలు లేచును, అండము విడుదల కాక నెల తప్పును. "మగరాయుడి లెక్క అయితున్నది" అని ఎగతాళి చేయువారికి, ఆ పిల్ల చేసిన తప్పు ఇందులో ఏ మెట్టున నున్నదో చూపుమని నేనడుగుచున్నాను.

ఇక నమ్మకముల సంగతి. మన తార్కికులు కాకతాళీయ న్యాయమని ఒకటి చెప్పుదురు. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది. ఆ క్షణముననే తాటిపండు రాలినది. చూచినవాడు కాకి పండును రాల్చినదనుకొనెను. ఈ వ్యాధి చుట్టు అల్లుకొన్న నమ్మకములన్నియు ఈ తాటిచెట్టు నీడలో పెరిగినవే, ఏలయన కాకికి ఇంత అనువైన చెట్టు మఱొకటి లేదు. ఈ వ్యాధిలో ముట్టు శాశ్వతముగ నిలిచిపోవుట అరుదు. రెండు నెలలకో, నాలుగు నెలలకో, చెప్పాపెట్టక తనంత తాను వచ్చును. మొక్కు ఎప్పుడు మొక్కుదురు? ఇరువదియైదవ దినమున ఎవరును మొక్కరు. మూడు నెలలు గడచి, తల్లికి నిద్ర పట్టని నాడు మొక్కుదురు. అంతకాలము జరిగిన పిమ్మట ఏది చేసినను, ఏదియు చేయకున్నను, కొలది వారములలో ముట్టు కనబడుటకే అవకాశము మెండు. వర్ని దగ్గఱి బడాపహాడు దర్గాకు ఎక్కివచ్చినవారికిని, నాగులపంచమినాడు పుట్టలో పాలు పోసినవారికిని, బాణామతి యను చేతబడికి విరుగుడని నిమ్మకాయలు కోయించినవారికిని సమానముగ వచ్చును. మతమేదైనను, మంత్రమేదైనను ఫలము ఒక్కటే యగుట చూచియైనను, ఫలమునకు కారణము అవి కావని తోచవలదా? మొక్కు ఫలించినవారు గంట కట్టి పదిమందికి చెప్పుదురు. ఫలింపనివారు తమ పూజలోనే లోపమున్నదని సిగ్గుపడి ఊరకుందురు. లెక్కలోనికి ఒకవైపువారే వచ్చినపుడు ఏ తాయెత్తైనను నెగ్గును.

ఇందులో ఖర్చైన కోడికంటె, కొబ్బరికాయకంటె నన్ను బాధించునది వేఱొకటి కలదు. బాణామతి యను మాట పుట్టిన యింటినుండి అనుమానము పొరుగింటికి ప్రాకును. తెలంగాణ పల్లెలలో ఆ అనుమానమునకు బలియై దెబ్బలు తిన్నవారును, ప్రాణములు కోల్పోయినవారును ఎందఱో కలరు. ఒక పిల్ల ఇన్సులిను పెరిగినందుకు ఎవరో నిర్దోషియైన ముసలమ్మ వాకిట నిలిచి ప్రమాణము చేయవలసి వచ్చుట ఏ ధర్మము?

వైద్యులు మాత్రము కాకిని చూచి మోసపోరా యని ఎవరైన నన్నడుగవచ్చును, న్యాయమైన ప్రశ్నయే. 1935లో స్టైన్, లెవెంథాల్‌లు అండాశయమునుండి చీలికవంటి ముక్క కోసితీసిన పిమ్మట, ఏడుగురికిని ముట్టు తిరిగివచ్చెను, ఇద్దఱు గర్భవతులైరి. ఆ కోత ఏండ్ల తరబడి చికిత్సగా చెల్లెను. కాని కోత చోట లోపలి భాగములు అంటుకొని క్రొత్త చిక్కులు వచ్చుట గమనించి, అండము విడుదలకు మాత్రలు లభించిన పిదప, వైద్యలోకము దానిని తగ్గించుకొనెను. ఆ మాత్రలనైనను ఊరక నమ్మలేదు. 2014లో ప్రకటితమైన అమెరికా పరీక్షలో 750 మంది స్త్రీలను రెండు పాళ్లు చేసి, ఒక పాలికి పాతమందగు క్లోమిఫిన్, రెండవ పాలికి లెట్రొజోల్ ఇచ్చి, ఫలించినవారిని, ఫలింపనివారిని గూడ లెక్కించిరి: పాతమందుతో 19.1 శాతము మందికి, క్రొత్తమందుతో 27.5 శాతము మందికి బిడ్డలు కలిగిరి. మూడింట రెండు వంతులకు పైగా విఫలమైనారని అచ్చువేసి చెప్పుకొను ధైర్యము ఏ తాయెత్తు కట్టువానికైన కలదా? చెట్టుమందులమీద నాకు ద్వేషము లేదు. ఇన్సులిను పనిచేయుటకు తోడ్పడు మెట్‌ఫార్మిను, గలేగా అను మొక్కలోని పదార్థమును అనుసరించి పుట్టి, 1957లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ స్టెర్న్ చేతిలో మధుమేహపు మందైనది. ఆకునుండి వచ్చినదా, సీసానుండి వచ్చినదా అన్నది కాదు, పరీక్షకు నిలిచినదా అన్నదే నా ప్రశ్న.

రావిచెట్టుకు ప్రదక్షిణము చేయుచు అడుగడుగున కడుపు తడిమి చూచుకొన్నట్లను సామెత మనకు కలదు. ఆ ప్రదక్షిణమును నేను పూర్తిగా త్రోసివేయజాలను. దినమునకు 108 మార్లు చెట్టు చుట్టు వడిగా తిరిగినామె, తెలియకయే అరగంటయో ముప్పావుగంటయో నడచినది. నడచుచున్న కండరము ఇన్సులిను కొఱకు కాచుకొనకయే రక్తమునుండి చక్కెరను పీల్చుకొనును. మండలము దినములు అట్లు నడచినామెకు నెల సరిపడెనేని ఆశ్చర్యము లేదు. ఘనత చెట్టుది కాదు, పాదములది. ఉదయమునుండి సందెవఱకు చాట ఒడిలో నుంచుకొని, వేయి బీడీలు పూర్తియగువఱకు లేవని మన జిల్లా ఆడువారికి, ఆ నడక ఏ చెట్టు చుట్టైనను, చెట్టే లేకున్నను కావలెను. బరువెక్కియున్నవారు అందు నూటికి అయిదుపాళ్లు తగ్గించుకొన్నను మేలు కనబడుచున్నది. సన్నగా నున్నవారికిని ఈ వ్యాధి రావచ్చును గనుక, తిండిపోతుతనమని నిందించుట తగదు. పంచదార మాని బెల్లము తినిన దోషము లేదను భ్రమ ఈ చెరకుసీమలో గట్టిగ నాటుకొన్నది. రెండును ఒకే చెరకురసము, రక్తములోనికి రెండును చక్కెరగనే చేరును.

అన్నిటికంటె హానికరమైన మాట "పెండ్లయితే అన్నీ సర్దుకుంటయి" అనునది. మూడుముళ్లకును అండాశయమునకును సంబంధము లేదు. సర్దుకొనకపోగా, ఆ పిల్ల అత్తవారింట రెండేండ్లకే గొడ్రాలను పేరు మోయును; మగనికి పరీక్షయే చేయింపక రెండవ పెండ్లి మాటలు మొదలగును. చికిత్స యున్న వ్యాధిని దాచి, చికిత్స లేని అవమానమును కొనితెచ్చుకొనుట కాదా ఇది? దాచుటకు మన ఆచారములు గూడ తోడుపడుచున్నవి. మూలకు కూర్చుండు ఆచారమున్న యిండ్లలో, నెల వచ్చినది రానిది వీధి కంతకు తెలియును. నేను చెప్పిన ఆ పిల్ల, రెండు నెలలు రాకున్నను వచ్చినట్లు చెప్పి మూడేసి దినములు చాపమీద వేఱుగ కూర్చున్నదట. ఆ మాట ఆమె తల దించుకొని చెప్పినది. విజయవాడ నాస్తిక కేంద్రపు వైద్యుడు సమరంగారు దశాబ్దములుగా పత్రికలలో ఇట్టి సంగతులను దాపరికము లేక తెలుగువారికి వ్రాయుచున్నారు. అయినను తల్లీకూతుళ్ల నడుమ ఈ మాట పెదవి దాటుట లేదు.

రాకపోవుటయే సుఖమనుకొనుట గూడ ప్రమాదమే. ముట్టు మొదలై మూడేండ్లు దాటిన పిమ్మట, 35 దినములకు మించిన ఎడముతో వచ్చుచున్నను, ఏడాదికి ఎనిమిదికి తక్కువగ వచ్చుచున్నను వైద్యులకు చూపవలెను. మూడు నెలలకు మించి తరచుగ నిలిచిపోవుచుండెనేని గర్భాశయపు లోపలి పొర దళసరియై, ఏండ్లు గడచిన పిదప క్యాన్సరుకు దారితీయవచ్చును. అందుకై హార్మోను మాత్రలిత్తురు. వానిలో గర్భనిరోధక మాత్రలును కలవు గనుక, పెండ్లికాని పిల్లకు ఇవేమిటని పెద్దలు పాఱవేయుదురు. ఆ మాత్రలు గొడ్రాలిని చేయవు. థైరాయిడు, ప్రొలాక్టిను, చక్కెర పరీక్షలు గూడ అవసరము. ఈ వ్యాధిగలవారికి మున్ముందు మధుమేహము వచ్చు అవకాశము ఎక్కువ. రోమములు తగ్గుటకు మందుతోనైనను ఆరు నెలలు పట్టును; ఆర్మూరు పసుపు ఎంత మేలైనదైనను ఆ పని చేయదు.

మన జిల్లాకు ఇది క్రొత్త పాఠము కాదు. కుష్ఠురోగము పూర్వజన్మ పాపఫలమని రోగులను ఊరి వెలుపలికి తఱిమిన కాలముననే, 1915లో, డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు, ఇచ్చటి వారే యగు నర్సాగౌడుగారి విరాళముతో వారికై ఆసుపత్రి వెలయించినది. పాపమన్నది సూక్ష్మజీవి యని 1873లోనే హాన్సెన్ కనిపెట్టియుండెను. నాడు పాపమన్న నోళ్లే నేడు దోషమనుచున్నవి.

ఆ తల్లితో ఈ మాటలన్నియు నేను చెప్పలేదు. గోడమీది క్యాలెండరు చూపి, ముట్టు వచ్చిన దినములకు పసుపుబొట్టు పెట్టుమంటిని. బీడీల లెక్కలు, గ్యాసుబండ వచ్చిన తేదీ వ్రాసియున్న ఆ కాగితముపై, జ్ఞాపకమున్నంతవఱకు పిల్లయే బొట్లు పెట్టినది. ఏడాదిలో అయిదే బొట్లు పడినవి. దానిని చుట్టచుట్టి తీసికొని వైద్యురాలి యొద్దకు పోయి, పరీక్షలు చేయించుకొని, మందులు వ్రాయించుకొని వచ్చిరి. తాయెత్తు మాత్రము చేతికట్లే యున్నది. రెండును ఒకేసారి ఉన్నచో ఫలము దేనిదో నీకెట్లు తెలియునమ్మా అని అడిగితిని. ఆమె చాట దింపి, కొంతసేపు ఊరకుండి, పిల్ల చేయి దగ్గఱకు లాగికొని దారపు ముడిని గోటితో విప్పసాగెను.

"గట్లనే సారూ. ఇగో, దీన్ని దేవుని గూట్ల పెడ్త. మూడు నెలలు ఉట్టి గోలీలే ఏసి చూద్దం."