ఎలుగుబంటా, పెండ్లాన్ని కోసినోడా: మా పిల్లోనికి రెండు పేర్లు

పోయిన వారం మొదలుపెట్టిన వ్యాసం మధ్యలో ఆపి ఇది రాస్తున్నా. ఇంట్లో ఒక తగాదా నడుస్తోంది. అది మా ఇంటితోనే ఆగేది కాదనిపించింది.

జమ్మలమడుగులో మా చెల్లెలికి కొడుకు పుట్టి 11 నెలలు. 21 రోజుల్లోపే రిజిస్టర్ చేయించినాం. సర్టిఫికెట్లో అమ్మ పేరుంది, నాయన పేరుంది, పిల్లోని పేరు గడి ఖాళీ. ఏడాదిలోపు పేరెక్కిస్తే రుసుం లేదు. ఆ తర్వాత 15 ఏళ్ళ దాకా ఎక్కించొచ్చు గానీ రుసుం కట్టాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, ఓటుకైనా, పాస్‌పోర్టుకైనా పుట్టుకకు ఈ కాగితమే రుజువు. అందుకే ఆ గడి దగ్గర ఇంత రచ్చ.

పులివెందుల నుంచి వాళ్ళత్తామామలు పంపిన పేర్లు ఒక్కోటీ రాలిపోయి చివరికి రెండు మిగిలినాయి. నేను చెప్పింది కక్కయ్య. చెల్లెలు చెప్పింది జాంబవ. ప్రొద్దుటూరులో మా పేటంతా వెతికినా ఈ రెండు పేర్లున్న పిల్లోడు ఒక్కడు దొరకడు.

విషయం తెలిసి ఉద్యమ మిత్రులే ఫోన్లు చేశారు. "ఎందుకన్నా పసిపిల్లోని నెత్తిన బరువు పెడతావు, కులం కనపడని పేరేదన్నా పెట్టరాదా" అని. ఆ కనపడని పేర్లేవో చెప్పమన్నా. అథర్వ, ఆర్యన్, వేదాంశ్ అన్నారు. అథర్వం ఒక వేదం. ఆర్యుడెవడో మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. వీటిలో కులం కనపడకపోవడమేంది? కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కాకపోతే మనది కాదు. వాళ్ళ కులం ఉంటే అది "మామూలు పేరు", మన కులం ఉంటే అది "బరువు". మనువు రెండో అధ్యాయం 31వ శ్లోకంలో ఏ వర్ణం వాడికి ఎలాంటి పేరుండాలో లెక్క కట్టాడు. బ్రాహ్మడి పేరులో మంగళం, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం, శూద్రుడి పేరులో నీచం. వర్ణాల బయట ఉన్న మన పేరు ఆయన లెక్కలోకే రాలేదు.

మా సీమలో పేర్ల కత ఇంకొంచెం వేరు. ఇక్కడ పేరు అందరిదీ ఒకటే. ఓబులేసు దేవుని పేరు రెడ్డిగారింట్లో ఓబుళరెడ్డి, మా ఇంట్లో ఓబన్న. మా జేజినాయన పేరు అదే. పొలంలో ఆయన్ని పసిపిల్లోడు కూడా "ఒరే ఓబిగా" అని పిలిచేవాడు, ఆయన "అయ్యా" అని పలికేవాడు. మరి పేరు మారిస్తే పిలుపు మారుతుందా అంటే, మారదు. కానీ మారదని మనవాళ్ళు ఊరికే కూర్చోలేదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పెట్టి, ఆ పంచమ అనే మాటనే తీసి పారేసి ఆది ఆంధ్రులమన్నారు. ఆ సభకు అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ. మాదరి భాగయ్యగా పుట్టినాయన. జాతికి ఆది పేరు పెట్టిన మనిషి తన పేరుకు రెడ్డీ, వర్మా రెండూ తగిలించుకొని తిరగాల్సి వచ్చింది. కడప జిల్లాలో పుట్టి ఆ రెడ్డి అనే మాట చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వు ఆగిపోతుంది.

సరే, నా కక్కయ్య సంగతి. బ్రహ్మంగారి మఠం మన జిల్లాలోనే ఉంది. 1984లో వచ్చిన ఎన్టీఆర్ సినిమా మా పేటలో చూడనివాళ్ళు లేరు. శరీరంలో ఆరు చక్రాలున్నాయని, వాటిలో దేవతలున్నారని స్వామి సిద్దయ్యకు చెప్తుంటే మాదిగ కక్కయ్య చాటునుంచి విన్నాడని కత. ఇంటికి పోయి చూద్దామని పెండ్లాన్ని కోశాడట. లోపల దేవతలెవరూ కనపడలేదు. తిరిగొచ్చి, నువ్వు చెప్పింది అబద్ధమని స్వామిని నిలదీశాడు. స్వామి ఆమెను బతికించాడు, కక్కయ్య కాళ్ళ మీద పడ్డాడు.

గొడ్డును కోసి తోలు తీసేవాడికి ఒంటి లోపల ఏముందో స్వాములు చెప్పాలా? గుండె ఎక్కడుందో, పేగు ఎక్కడుందో ఊర్లో అందరికంటే ముందు తెలిసినవాడు వాడు. అలాంటివాణ్ణి మాటకు భావం తెలియని మొద్దుగా, హంతకుడిగా నిలబెట్టింది ఆ కత. సిద్దయ్యకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పిన చదువు కక్కయ్యకు చాటునుంచి దొరికింది. అయినా రుజువు అడిగినవాడు వాడొక్కడే. అందుకే ఆ పేరు మా ఇంట్లో ఉండాలనుకున్నా. పైగా 12వ శతాబ్దంలో కల్యాణంలో బసవని శరణుల్లో డోహర కక్కయ్య ఉన్నాడు. తోలుపని చేసిన వచనకారుడు.

ఇదంతా చెల్లెలికి గంటసేపు చెప్పినా. పిల్లోనికి పాలు పడుతూ వినింది.

"నువ్వు చదువుకున్నోనివినా, నీకు ఏ ఊరి కక్కయ్యైనా దొరుకుతాడు. ఈ జిల్లాలో కక్కయ్యంటే ఒగడే. పెండ్లాన్ని కోసినోడు. ఆ కత మనోళ్ళ మీద కట్టిందే అనుకో. మరి కోసేదానికి ఆడదే దొరికిందా వాళ్ళకు? ఆయమ్మ గురించి నీ పీహెచ్‌డీ పుస్తకంలో ఎన్ని పేజీలున్నాయి?"

కక్కయ్య మీద పదకొండు పేజీలున్నాయి. ఆయమ్మ మీద రెండు వాక్యాలు. ఆ రెండూ కక్కయ్య గురించే.

జాంబవ పేరుకూ ఇబ్బందులు లేకపోలేదు. డక్కలివాళ్ళు మాదిగలకు చెప్పే జాంబపురాణంలో ఆయన భూమికంటే ముందు పుట్టినవాడు. రామాయణంలోకి వచ్చేసరికి ఎలుగుబంటి. భాగవతంలో కృష్ణుడితో 28 రోజులు పోరాడాడు. చివరికి మణి పోయింది, కూతురూ పోయింది. కృష్ణదేవరాయలు ఆ పెళ్ళి మీద సంస్కృత నాటకమే రాశాడు, జాంబవతీ కల్యాణం. కూతురు దేవుడి భార్య అయింది, తండ్రి మాత్రం గుహలో ఎలుగుబంటిగానే మిగిలాడు. పులివెందుల మామ భయం వేరే. ఎస్సీ జాబితాలో జాంబువులు అని ఒక కులమే ఉంది, ఇంటర్వ్యూలో పేరు చదవగానే తెలిసిపోతుందంటాడు. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. పేరు దాచి ఉద్యోగం తెచ్చుకున్న తరం ఆయనది.

చెల్లెలు ఆయనకూ జవాబు చెప్పింది. "ఎలుగుబంటి అంటే బళ్ళో నాలుగు రోజులు నవ్వుతారు మామా. వీడు ఇంకో నాలుగు రోజులకు తిరిగి అంటాడు. పెండ్లాన్ని కోసినోని పేరైతే రేపొచ్చే కోడలికి నేనేం చెప్పేది?"

నా దగ్గర దానికి జవాబు లేదు. కక్కయ్య మీద రాసిన పదకొండు పేజీలు తిరగరాయాల్సి ఉంది. అది వేరే పని. మొన్న సోమవారం దరఖాస్తు తెచ్చినా. నా చేతిరాత బాగుంటుందని పెన్ను తీస్తే చెల్లెలు లాక్కుంది. జాంబవ అని తనే రాసింది.