చేతులు మారిన షిప్‌యార్డ్, చేయి తిరిగిన పనివాళ్లు

మా పదిహేనేళ్ల అబ్బాయి కంప్యూటర్‌లో ‘స్టీమ్’ ఉంది. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే అక్కడా ఉండే ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్ ఆపి చదువుకోమని వాణ్ని ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు. ఆ స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ సహ వ్యవస్థాపకుడు గేబ్ న్యూయెల్ 2025 ఆగస్టులో నెదర్లాండ్స్‌లో ఒక షిప్‌యార్డ్ కొన్నారు. పేరు ఓషన్‌కో. ప్రపంచంలోని అతి ధనవంతులకు వంద మీటర్లు దాటిన విలాస యాట్‌లు కట్టిచ్చే యార్డ్ అది. వార్త విని ఇంట్లో గంతులేసింది మావాడే. “చూశావా నాన్నా, గేమ్స్ డబ్బుతో షిప్‌యార్డే కొన్నాడు” అన్నాడు.

మేముండేది రోటర్‌డామ్ పక్కనే. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా వాటర్‌బస్ ఎక్కించి కిండర్‌డైక్ గాలిమరలు చూపించడం ఆనవాయితీ. యునెస్కో గుర్తింపు పొందిన ఆ 19 గాలిమరలకు దగ్గర్లోనే, నది ఒడ్డున, ఆల్బ్లాసర్‌డామ్ అనే చిన్న ఊళ్లో ఉంది ఈ యార్డ్. బయటికి పెద్ద పెద్ద షెడ్లు తప్ప ఏమీ కనిపించవు. కిందటిసారి మా మామయ్యగారు వాటిని చూసి, “ఇదేం గోడౌన్ బాబూ?” అని అడిగారు. లోపల ఒక్కొక్కటి వందల కోట్ల రూపాయల ఓడ అంటే నమ్మలేదు.

ఇది ఎవరో డబ్బున్నవాళ్ల ముచ్చట, మనకెందుకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. కానీ గత మూడు నాలుగేళ్లలో ఈ యార్డ్ చుట్టూ జరిగినవి చూస్తే, పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న మనం ఆలోచించాల్సిన సంగతి ఒకటి ఉందనిపించింది.

వంతెన దగ్గర మొదలైన గొడవ

2022 ఫిబ్రవరిలో రోటర్‌డామ్ ఒక్కసారిగా ప్రపంచ వార్తల్లోకెక్కింది. అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ కోసం ఓషన్‌కో 127 మీటర్ల తెరచాప యాట్ కడుతోంది. దాని మూడు తెరచాప స్తంభాలూ నిలబెడితే నగరం మధ్యలో ఉన్న పాత రైలు వంతెన కిందుగా సముద్రంలోకి వెళ్లడం కుదరదు. అందుకని వంతెన మధ్యభాగాన్ని కొన్నాళ్లు విప్పి, ఓడ వెళ్లాక మళ్లీ బిగించాలన్న ఆలోచన బయటికొచ్చింది.

ఆ వంతెనను ఇక్కడివాళ్లు ‘డె హెఫ్’ అంటారు. 1927లో ప్రారంభమైంది. 1940లో జర్మన్ బాంబుదాడిలో దెబ్బతిని మళ్లీ లేచింది. 1993లో రైళ్లు సొరంగంలోకి మారాక, దాన్ని కూల్చొద్దని జనమే పట్టుబట్టి నిలబెట్టుకున్నారు. 2017లో మరమ్మతులు పూర్తయినప్పుడు ఇక దీన్ని విప్పేది లేదని మాటిచ్చారు కూడా. అలాంటి వంతెనను ఒక్క మనిషి పడవ కోసం విప్పుతారా అని ఊరు భగ్గుమంది. ఓడ వెళ్లేటప్పుడు కుళ్లిన గుడ్లు విసురుదాం రమ్మని ఫేస్‌బుక్‌లో పిలుపు ఇస్తే వేలమంది సరే అన్నారు.

ఆ వేసవిలో ఓషన్‌కో వెనక్కి తగ్గింది. వంతెన విప్పమని అడగబోమని నగర పాలకులకు తెలిపింది. ఆగస్టు మొదట్లో ఒక రాత్రి, తెల్లారకముందే, స్తంభాలు లేని ఓడను చుట్టుదారిలో లాక్కెళ్లారు. స్తంభాలు తర్వాత బిగించారు. 2023లో ‘కోరూ’ పేరుతో అది సముద్రంలోకి వెళ్లింది. ఖర్చు దాదాపు 50 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి.

అప్పట్లో మేమంతా ఊరు గెలిచిందని సంబరపడ్డాం. నేనూ వాట్సాప్ గ్రూపుల్లో జోకులు పంపినవాణ్నే. కొన్నాళ్లకు ఇంకో విషయం పత్రికల్లో వచ్చింది. యార్డ్ ఉద్యోగులు తమకు బెదిరింపులున్నాయని భయపడ్డారట, యార్డ్ మీద దాడి జరుగుతుందేమోనని కంపెనీ ఆందోళన పడిందట. జనం కోపం బెజోస్ మీద. భయపడింది మాత్రం పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని షిఫ్టుకెళ్లే వెల్డర్లు, పెయింటర్లు.

ఆంక్షలు వచ్చి పడితే

అదే 2022లో రెండో దెబ్బ తగిలింది. ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేసింది, ఐరోపా ఆంక్షలు విధించింది. ఏప్రిల్‌లో డచ్ విదేశాంగ మంత్రి పార్లమెంటుకు ఒక లెక్క చెప్పారు. 14 యాట్‌లను కస్టమ్స్ నిఘాలో పెట్టారు. వాటిలో 12 ఐదు యార్డుల్లో తయారవుతున్నవి, రెండు మరమ్మతులకు వచ్చినవి. అనుమతి లేకుండా అవి కదలకూడదు, చేతులు మారకూడదు.

ఓస్ పట్టణంలోని హేసెన్ యార్డ్ పరిస్థితి మరీ ఇబ్బందిగా మారింది. దాని యజమాని రష్యన్ చమురు కుబేరుడు వగీత్ అలెక్‌పెరోవ్. బ్రిటన్ ఆయన మీద ఆంక్షలు పెట్టగానే యాజమాన్యాన్ని ఒక డచ్ ఫౌండేషన్‌కు బదలాయించాల్సి వచ్చింది. ఎక్కడో యుద్ధం జరిగితే ఇక్కడ వడ్రంగి తన జీతం సంగతేమిటా అని కంగారు పడాల్సిన పరిస్థితి. ఈ వ్యాపారంలోని బలహీనత అదే. ప్రపంచం మొత్తం మీద కొనేవాళ్లు కొద్దిమంది. అందులో కొందరు పక్కకి తప్పుకున్నా యార్డ్ వణుకుతుంది.

అయినా నిలబడింది ఎలా?

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటాం కదా. ఓషన్‌కో యజమానుల చరిత్ర అచ్చం అలాగే ఉంటుంది. 1987లో దీన్ని మొదలుపెట్టింది దక్షిణాఫ్రికా పెట్టుబడిదారులు. తొలి రోజుల్లో ఓడల ఖాళీ బాడీలు, మన తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న డర్బన్‌లో తయారై, మిగతా పనికి నెదర్లాండ్స్ వచ్చేవి. తర్వాత ఒక గ్రీకు వ్యాపారి చేతికి వెళ్లింది. 2010లో మస్కట్‌కు చెందిన మహమ్మద్ అల్ బర్వానీ కొన్నారు. పదిహేనేళ్ల తర్వాత ఇప్పుడు అమెరికన్ న్యూయెల్ వంతు. ఆయన ముందు ఈ యార్డ్‌కు కస్టమర్. 111 మీటర్ల ఓడ చేయించుకుంటూ యార్డ్‌నే కొనేశారు.

ఇన్ని చేతులు మారినా కొనుగోలుదారులు ఇక్కడికే ఎందుకొస్తున్నారు? ఇక్కడ స్టీలు చౌక కాదు. జీతాలూ తక్కువ కాదు. దొరికేది పనితనం. ఒక పెద్ద యాట్ కట్టడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. బాడీ వెల్డింగ్ అయ్యాక దాని మీద ఫిల్లర్ పూసి, పొడవాటి పలకలతో చేత్తో రుద్దుతారు. మళ్లీ పూస్తారు, మళ్లీ రుద్దుతారు. పెయింట్ వేశాక అద్దంలా ఉండాలి, వెలుతురు పడితే ఎక్కడా వంకర కనిపించకూడదు. లోపల వందల కిలోమీటర్ల కేబుళ్లు. వాటి మీద చెక్కపని, రాతిపని. చాలావరకు సబ్‌కాంట్రాక్టు కంపెనీల మనుషులే చేస్తారు. ఒక్క ఓడ వెనక అలాంటి కంపెనీలు పదుల సంఖ్యలో ఉంటాయి.

కొత్త ఆర్డర్లు తగ్గినప్పుడు వీళ్లను ఆదుకునేది రీఫిట్. ప్రతి ఐదేళ్లకూ ఓడను పైకి లాగి క్షుణ్ణంగా తనిఖీ చేయించాలి. అప్పుడే పెయింట్, ఇంజిన్లు, ఎలక్ట్రానిక్స్ అన్నీ సరిచేయించుకుంటారు. కొత్తది కట్టడంకంటే ఇది కష్టమంటారు తెలిసినవాళ్లు. ఒక పైపు మార్చాలంటే ఖరీదైన చెక్క పలకలన్నీ గీత పడకుండా విప్పి, నంబర్లు వేసి, తిరిగి అలాగే బిగించాలి. అది చేసేది చేయి తిరిగిన మనిషే.

ఈ ఓడలు తగలేసే ఇంధనం సంగతి? ఆ విమర్శ న్యాయమైనదే. మరో డచ్ సంస్థ ఫెడ్‌షిప్ 2024లో హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్స్‌తో దాదాపు 119 మీటర్ల యాట్‌ను నీళ్లలోకి దించింది. దాని హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర నిల్వ చేయాలి. అంతా చేసినా అది ముఖ్యంగా లోపలి కరెంటుకూ నెమ్మది ప్రయాణానికీ సరిపోతుంది, దూరం వెళ్లాలంటే జనరేటర్లు కావాల్సిందే. కోటీశ్వరుడి సరదాకి పర్యావరణం పేరు పెట్టుకోవడం కొంత ఉంది. కానీ ఆ వ్యవస్థను ఒకసారి నడిపించి చూసిన ఇంజనీర్లు, ఫిట్టర్లు రేపు ఫెర్రీలకూ సరుకు ఓడలకూ పనికొస్తారు. అది కాదనలేం.

మన ఇళ్లలో మాట

ఇప్పుడు అసలు విషయం. నెదర్లాండ్స్‌లో పిల్లలకు పన్నెండేళ్లకే స్కూలు సలహా ఇస్తారు. యూనివర్సిటీ వైపు వెళ్లేవాళ్లకు వి‌డబ్ల్యుఓ, మధ్యలో హావో, వృత్తివిద్య వైపు వి‌ఎమ్‌బిఓ. మా అబ్బాయికి వి‌ఎమ్‌బిఓ వచ్చింది. ఆ రాత్రి మా ఆవిడ అన్నం తినలేదు. ఊరికి ఫోన్ చేసి మా అమ్మకు ‘హావో’ అని చెప్పాను. ఆమెకు రెండిటికీ తేడా తెలియదు, అయినా అబద్ధం చెప్పాను.

వాడికి వచ్చే ఏడాది స్కూలు అయిపోతుంది. రోటర్‌డామ్‌లో ఓడల వృత్తివిద్య కాలేజీ ఉంది, అక్కడ చేరతానంటున్నాడు. వారంలో నాలుగు రోజులు కంపెనీలో జీతంతో పని, ఒక రోజు క్లాసు అనే పద్ధతి కూడా ఇక్కడ ఉంది. పై లెవెల్ పూర్తి చేస్తే అక్కడి నుంచి డిగ్రీకి వెళ్లే దారి ఉంది. ఇదంతా తెలిసీ నేను హావోకే మారమని పోరుతున్నాను. కారణం అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఒకటే: మనవాళ్లలో ఏం చెప్పుకోవాలి?

ఒకప్పుడు ఈ సిగ్గు మనకు లేదేమో. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్న డచ్ వాళ్లు, గోదావరి ఒడ్డున నరసాపురంలో ఓడలు బాగుచేయించుకునేవారు. అంటే వాళ్ల రీఫిట్ మన వడ్రంగులు, కమ్మరులు చేసిపెట్టారు. 1948లో స్వతంత్ర భారతదేశపు తొలి పెద్ద ఓడ ‘జల ఉష’ జలప్రవేశం చేసింది విశాఖలోనే. ఆ చేతులు మనవే. ఇప్పుడు పెళ్లి సంబంధాల్లో అబ్బాయి వెల్డర్ అంటే ఫోన్ పెట్టేస్తాం.

పిల్లలందర్నీ షిప్‌యార్డులకు పంపమని నేననను. ఈ పనిలోని అనిశ్చితి పైనే చెప్పాను. కానీ ఐటీలో లేఆఫ్‌ల వార్త లేని నెల ఉందా? యాట్ వెల్డర్‌కు యాట్‌లు లేకపోతే డ్రెడ్జర్ ఉంది, ఫెర్రీ ఉంది, నేవీ ఓడ ఉంది. యజమాని ఒమానీ అయినా అమెరికన్ అయినా వాడి చేతిలో పని వాడిదే. మన దగ్గర అంత గట్టి పని ఏముందో ఒకసారి చూసుకోవాలి.

ఆ కాలేజీ ఓపెన్ డే జనవరిలో అంటున్నాడు మావాడు. వాడితో వెళ్తానని మాటిచ్చాను. అంతకంటే ముందు మా అమ్మకు ఫోన్ చేసి, మూడేళ్ల కిందటి అబద్ధాన్ని సరిచేయాలి.