చమురు నౌక కాకినాడలో, చింత ఉత్తర తీరానికి

కాకినాడ సముద్రంలో చమురు తీస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకేమిటని ఊరుకోవడం తగదు. జిల్లాల పొలిమేరలు నేల మీదే గాని నీటి మీద ఉండవు.

2008 సెప్టెంబరులో రిలయన్స్ సంస్థ కృష్ణా-గోదావరి బేసిన్‌లోని ఎం.ఏ. క్షేత్రంలో చమురు తీయడం ప్రారంభించింది. అందుకు వాడిన ధీరూభాయ్-1 కొత్తగా కట్టిన నౌక కాదు. చమురు మోసిన పాత ట్యాంకరునే సింగపూర్‌లో ఆ పనికి అనువుగా మార్చారు. అంత లోతు నీటిలో స్తంభాలు పాతి కట్టడం నిలపడం కష్టం. అందుకే నౌకను లంగరు వేసి నిలుపుతారు. సముద్రగర్భంలోని బావుల నుంచి గొట్టాల ద్వారా వచ్చే చమురు, గ్యాసు, నీరు నౌకపైనే వేరవుతాయి. గ్యాసు ఒడ్డుకు పోతుంది. చమురు నౌక కడుపులో నిల్వ ఉంటుంది. మరో ట్యాంకరు వచ్చి తోడుకుపోతుంది.

ఆ క్షేత్రంలో ఉత్పత్తి 2018లో ఆగింది. తర్వాత ఓ.ఎన్.జి.సి. తీరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఆర్మడా స్టెర్లింగ్-5 అనే నౌకను నిలిపి, 2024 జనవరి 7న చమురు తీయడం మొదలుపెట్టింది. రోజుకు గరిష్ఠంగా 45 వేల పీపాలు తీయాలని లక్ష్యం. వాడే ముడి చమురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా దిగుమతి చేసుకునే దేశానికి ఇది అవసరమే. ఎవరూ కాదనరు.

అయితే నౌక నుంచి నౌకకు చమురు తోడే చోట ఏమరుపాటు పనికిరాదు. ఫిబ్రవరి నుంచి మే వరకు తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది. ఆ రోజుల్లో కాకినాడ వద్ద చమురు ఒలికితే అది చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు, బారువల వైపు రావచ్చు. సముద్ర తాబేళ్లు ఒడ్డున గుడ్లు పెట్టే కాలమూ దాదాపు అదే. 2017 జనవరిలో చెన్నై వద్ద రెండు నౌకలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకు చేరిన చమురు మడ్డిని జనం బకెట్లతో ఎత్తిపోయవలసి వచ్చింది. ఆ దుస్థితి ఇక్కడ రాకూడదు.

చమురు ఒలికితే సముద్రంలో చర్యలు తీసుకునే బాధ్యత కోస్టుగార్డుది. కాని ఒడ్డున మొదట చూసేది మత్స్యకారుడే. అతనికి ఎవరు కబురు చేస్తారు? అతను ఎవరికి చెప్పాలి? ఏ పరికరంతో, ఏ జాగ్రత్తతో మడ్డి తీయాలి? ప్రతి తీర గ్రామంలో కొందరు యువకులకు ఇది నేర్పాలి.

పరిహారం సంగతీ ముందే తేల్చాలి. ఓ.ఎన్.జి.సి. పైపులైను పనుల వల్ల వేట కోల్పోయిన కోనసీమ, కాకినాడ ప్రాంతాల 23,458 కుటుంబాలకు 2022లో నెలకు రూ.11,500 చొప్పున నాలుగు నెలల పరిహారం అందింది. న్యాయమే. చమురు కొట్టుకువస్తే ఉత్తర తీరానికీ అదే న్యాయం జరగాలి. కాకినాడకు వలస వెళ్లి వేట చేసుకునే ఇక్కడివారిని ఏ జాబితా నుంచీ విడిచిపెట్టరాదు. ఇరు జిల్లాల కలెక్టర్లు, మత్స్యశాఖ ఇప్పుడే పూనుకొని పడవల, వలల లెక్క సిద్ధం చేయాలి. మడ్డి ఒడ్డుకు కొట్టాక జాబితాలు రాస్తే ఫలితముండదు.