ఉన్న యాంప్‌తోనే సాధన చేయండి
నందిగామ, జగ్గయ్యపేట వైపు చాలా ఇళ్లలో మిర్చి, పత్తి అమ్మిన డబ్బులు కోచింగ్ ఫీజులకే చాలవు. అలాంటప్పుడు బేస్ గిటార్ నేర్చుకుంటున్న మీరు బేస్ యాంప్ కోసం అప్పు చేయకండి. ఇంట్లో మామూలు గిటార్ యాంప్ ఉంటే సాధనకు అది చాలు.

అయితే దాని హద్దు తెలుసుకోండి. గిటార్ లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తే, బేస్ లావు తీగ 41 సార్లే కంపిస్తుంది. ఆ మంద్రస్వరానికి స్పీకర్ కోన్ ఎక్కువ దూరం ఊగాలి. సౌండ్ పెంచేస్తే పాడైపోవచ్చు. వాల్యూమ్, బేస్ నాబ్ తగ్గించి వాయించండి. గరగర వినపడిందా, ఇంకా తగ్గించండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వీలుంటే మరీ మంచిది.

స్టేజీకి మాత్రం ఇది పనికిరాదు. పెద్ద యాంప్ సంగతి మొదటి జీతం వచ్చాక చూసుకోవచ్చు. వేళ్లకు సాధన మాత్రం ఇవాళే మొదలెట్టండి.