కొత్త సిస్టర్ హుషారును చల్లార్చకండి

ఈమధ్య మహబూబ్‌నగర్‌లోని మా ఇంటికి బంధువుల అమ్మాయి ఒకతె వచ్చింది. నర్సుగా ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అప్రస్తుతం. టీ తాగుతూ తాగుతూ అడిగింది: "పెద్దనాయినా, మా వార్డుల అందరు వెనుకకే గుంజుతున్నరు. పాజిటివ్‌గ ఉండాలంటే ఏం జేయాలె?"

ఏమంటున్నారని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. "కొత్తగ వచ్చినవ్ గదా, ఆర్నెల్లు గానియ్, నీ హుషారెంతో మేమూ చూస్తం." "ప్రతి మంచం కాడ చేతులు శుభ్రం చేసుకుంట పోతే ఇంతమందికి మందులెప్పుడిస్తవ్?" "ఇది గూడ తెల్వదా, ఏం సదివినవ్?" "మంచిగ జేస్తే ఇంకింత పని నెత్తిన పెడ్తరు, అంతే." చివరి మాట చెప్పేటప్పుడు నవ్వింది గాని, ఆ నవ్వులో సంతోషం లేదు.

ప్రాణాయామమో, ఉదయపు నడకో, డైరీలో రోజూ మూడు మంచి మాటలు రాసుకోవడమో సూచిస్తానని ఆమె ఆశించి ఉంటుంది. అవన్నీ మంచివే, నేనూ చేస్తాను. అయితే వార్డులో పుట్టిన జబ్బుకు మందు ఇంట్లో ఒంటరిగా మింగమనడం వైద్యం అనిపించుకోదు. "నెగెటివ్ మనుషులను పట్టించుకోవద్దు" అని వేదికల మీద ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఒక్కసారి ఆలోచించాలి. ఇన్సులిన్ మోతాదును తనతోపాటు సరిచూడవలసినది ఆ పక్కనున్న సీనియరే. డ్యూటీ మారేటప్పుడు రోగి పరిస్థితి చెప్పవలసినదీ ఆమే. ఆమెను పట్టించుకోకుండా కొత్త నర్సు ఒక్క గంట పనిచేయలేదు.

కాబట్టి ఈ వ్యాసంలో నా వాదం ఒక్కటే. కొత్త నర్సును నిరుత్సాహపరచడాన్ని మనం ఆమె మనసుకు సంబంధించిన చిన్న బాధగా చూస్తున్నాం. అది రోగి ప్రాణానికి సంబంధించిన విషయం.

ఎలాగో నా స్వంత తప్పిదంతోనే చెబుతాను. దాదాపు ముప్పై ఏళ్ల కిందటి మాట. రాత్రి రెండు గంటల వేళ ప్రసూతి వార్డు నుంచి కొత్తగా చేరిన నర్సు ఫోను చేసింది. కాన్పయిన ఒకామెకు నాడి 110 ఉన్నదనీ, రక్తపోటు మాత్రం మామూలుగానే ఉన్నదనీ చెప్పింది. "బీపీ బాగానే ఉందంటున్నావు, మరి దీనికోసమా నిద్ర లేపావు?" అని కసిరి ఫోను పెట్టేశాను. ఆ రాత్రి ఏమీ కాలేదు. అదే నా దురదృష్టం, ఎందుకంటే నాదే సరి అనుకున్నాను.

కొన్ని వారాలకు అదే వార్డు, అదే నర్సు, మరొక బాలింత. నాడి పెరుగుతూ పోయింది. ఈసారి ఆమె నాకు ఫోను చేయలేదు, రక్తపోటు పడిపోయేదాకా ఆగింది. కాన్పు తరువాత రక్తస్రావం అవుతున్నప్పుడు ఆరోగ్యవంతురాలైన యువతికి రక్తపోటు చాలాసేపు నిలకడగానే ఉంటుంది. ముందుగా పెరిగేది నాడి. రక్తపోటు పడిపోయేసరికి ఎంతో రక్తం పోయి ఉంటుంది. నేను పరుగున వెళ్లాను, రక్తం ఎక్కించాము, తల్లి బతికింది. తెల్లవారిన తరువాత "ముందే ఎందుకు పిలవలేదమ్మా?" అని అడిగాను. "మీరు కోప్పడతారేమోనని, సార్" అన్నది. మొదటి రాత్రి ఆ అమ్మాయి నాడి లెక్కపెట్టి గ్రహించినది వైద్యశాస్త్రమే. నేను ఆమెకు నేర్పినది మౌనం.

నేను ఎవరికో వేలు చూపి ఈ వ్యాసం రాయడం లేదని దీనితో మీకు అర్థమై ఉంటుంది. వార్డులో కసురుకోవడం చాలాసార్లు డాక్టరు దగ్గర మొదలవుతుంది. డాక్టరు హెడ్ నర్సును, హెడ్ నర్సు స్టాఫ్ నర్సును, స్టాఫ్ నర్సు కొత్తగా వచ్చిన అమ్మాయిని. ఆ అమ్మాయి ఆయమ్మ మీద విసుక్కోకపోతే అది ఆమె సంస్కారం.

ఇక్కడ సీనియర్ల పక్షాన ఒక వాదన వినిపిస్తుంది: "మేమూ అలాగే తిట్లు తిని నేర్చుకున్నాం. గట్టిపడాలంటే అదే దారి." ఈ మాట మన జిల్లాకే ప్రత్యేకం అనుకోకండి. అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ ఆచార్యురాలు కొత్త నర్సులు వృత్తిని ఎందుకు వదిలిపోతున్నారో పరిశీలించి, 1974లో ఒక పుస్తకమే ప్రచురించారు. చదువులో నేర్చుకున్న ఆదర్శానికీ, వార్డులో ఎదురైన వాస్తవానికీ మధ్య కలిగే తాకిడిని ఆమె అందులో వివరించారు. 1986లో జూడిత్ మైస్నర్ అనే మరొక నర్సు, మన పిల్లలను మనమే తినేస్తున్నామా అని తోటి నర్సులను సూటిగా నిలదీస్తూ వ్యాసం రాశారు. ఆ ప్రశ్న అక్కడ ఇప్పటికీ సామెతలాగా వాడుకలో ఉంది. తిట్లు తిన్నవారిలో నిలిచినవారు మన కళ్లకు కనిపిస్తారు, "అలాగే నేర్చుకున్నాం" అంటారు. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నవారు వాదనకు రారు. నిలిచినవారిలోనూ ఎందరు నేర్చుకుని నిలిచారో, ఎందరు అడగడం మానేసి నిలిచారో ఎవరు లెక్కపెట్టారు?

అయితే సీనియర్ల అలసట అబద్ధం కాదు. దానిని కాదంటే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ఏ పెద్దాసుపత్రి జనరల్ వార్డులోనైనా రాత్రి పది దాటాక నిలబడి మంచాలు లెక్కపెట్టండి, ఆ ప్రమాణం ఎంత దూరంలో ఉందో మీకే తెలుస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో లిండా ఐకెన్ బృందం చేసిన పరిశోధన 2002లో వెలువడింది. ఒక్కొక్క నర్సు చూడవలసిన రోగులు ఒక్కరు పెరిగినకొద్దీ, శస్త్రచికిత్స చేయించుకున్న రోగులు 30 రోజుల్లోపల మరణించే అవకాశం 7 శాతం చొప్పున అధికమైనట్లు అందులో తేలింది. ఆ భారాన్ని ఇరవై ఏళ్లు మోసిన మనిషి మాట చేదుగా ఉంటే ఆశ్చర్యమేమీ లేదు. కాని ఆ చేదును కక్కవలసినది అధికారుల ముందు, సంఘ సమావేశాల్లో. నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయి నెత్తిన కుమ్మరిస్తే, ఆమె కూడా వెళ్లిపోయి ఉన్న భారం ఇంకా పెరుగుతుంది. ఇంత చిన్న లెక్క మనకెందుకు తట్టదో!

పాలమూరుకు ఈ విషయంలో మరింత బాధ్యత ఉంది. వలసలకు పేరుపడ్డ ఈ జిల్లాకు 2016లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2022లో నాగర్‌కర్నూలుకు, వనపర్తికి కూడా వచ్చాయి. 2024 జనవరి 31న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో ఒక్కరోజే 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలిచ్చారు. భవనాలు కట్టడానికి కోట్లు, పరీక్షలు పెట్టడానికి నెలలు ఖర్చుచేసి తెచ్చుకున్న మనుషులను మొదటి ఆరు నెలల్లో ఎవరు చేయి పట్టుకుని నడిపిస్తున్నారు? ఫలానా కొత్త నర్సుకు ఫలానా సీనియర్ బాధ్యురాలు అని కాగితం మీద పేరు రాసి, ఆ సీనియర్‌కు ఆ మేరకు పని తగ్గించే వార్డులు ఎన్ని? పైసా ఖర్చులేని పని ఇది. అందుకేనేమో ఎవరికీ పట్టదు.

మా అమ్మాయికి చెప్పింది మీకూ చెబుతాను. పాజిటివ్‌గా ఉండడమంటే మొహాన నవ్వు పులుముకోవడం అని భ్రమపడవద్దు. ఏడుపు వచ్చిన రోజు ఏడువు. కాని మందు ఇచ్చేముందు రోగి పేరు అడగడం మానకు. సందేహం వచ్చిన ప్రతిసారీ అడుగు. "ఇది కూడ తెల్వదా" అంటే, "తెల్వదు అక్కా, అందుకే అడుగుతున్న. తప్పు మందు ఇచ్చినంక అడిగేకంటె ఇది నయం గదా" అని నెమ్మదిగా అను. ఈ జవాబును ఇంట్లోనే పదిసార్లు పైకి అనుకుని పో. ఇది నా సొంత తెలివి కాదు. మార్తా గ్రిఫిన్ అనే పరిశోధకురాలు బోస్టన్‌లో కొత్తగా చేరిన 26 మంది నర్సులకు ఇటువంటి జవాబులను ముందే సాధన చేయించి, గుర్తుకోసం చిన్న కార్డులు కూడా ఇచ్చారు. 2004లో ఆ అనుభవాన్ని ప్రచురించారు. ఎదురుగా మర్యాదతో జవాబు వచ్చేసరికి, అవతలివారు ఆ తీరు మానుకున్నట్లు అందులో ఉంది. కసిరేవారిలో ఎక్కువమందికి తాము కసురుతున్నట్లే తెలియదు. నాకూ తెలియలేదు.

ఇంకొకటి చెప్పాను. ప్రతి వార్డులోనూ ఎక్కువ మాట్లాడకుండా పని సరిగ్గా చేసుకుపోయే సీనియర్ ఒకామె ఉంటుంది. భోజనాల దగ్గర జరిగే గుసగుసల్లో ఆమె కనిపించదు. ఆమెను వెతికి పట్టుకో, ఆమె డ్యూటీ ఎప్పుడో చూసుకుని వీలైనప్పుడల్లా ఆమెతో పని చెయ్యి. ఆ మాట వినగానే అమ్మాయి మొహం విప్పారింది. "ఒకామె ఉన్నది పెద్దనాయినా, నాకు చిన్న పిల్లల నరం దొరికిచ్చుకునుడు చూపిచ్చింది" అన్నది.

ఇంతవరకూ చదివి, ఇది నర్సుల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? మంచం పక్కన కూర్చునే మీరూ ఆ వార్డులో భాగమే. సూది వేయడానికి వచ్చిన అమ్మాయి వయసు చూసి, "కొత్త పిల్లనా? పెద్ద సిస్టర్ను పిలువు" అని అందరి ముందూ అన్నది మీరే కావచ్చు. నరం ఒక్కసారికి దొరకకపోతే చేయి లాక్కుని అరిచినదీ మీరే కావచ్చు. నరం తప్పడం ఎంతో అనుభవం ఉన్నవారికీ జరుగుతుంది, నాకు ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, కేసు షీటు చేతిలోనే ఉన్నా ఆ అమ్మాయి మళ్లీ మీ పేరు అడిగితే విసుక్కోకండి. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పండి. ఏ మందు పడదో అదీ చెప్పండి. ఆమె రాసుకునేదాకా ఆగండి.