నీరసమా? ఓ బాటిల్ ఎక్కించండి!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా ఏ గల్లీలోకి తొంగిచూసినా ఓ చిన్న క్లినిక్కు, అందులో ఓ మంచం, పక్కన స్టాండుకి వేలాడే సెలైన్ బాటిలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర మన తాతలు చేసిందీ ఇదే, వాళ్ళనేమీ అనను. కానీ మెడలో బ్యాడ్జీతో, అమీర్‌పేటలో మెట్రో మారి రోజూ రాయదుర్గం వెళ్ళొచ్చే ఇంజినీరు మహాశయులు కూడా "నెల్రోజుల్నించి ఒకటే నీరసం డాక్టర్‌గారూ, ఓ బాటిల్ పెట్టేయండి" అంటుంటే ఒళ్ళు మండుతుంది.

అసలు ఆ బాటిల్లో ఏముందో చూద్దాం, లెక్కలు మనకి వచ్చుగా. అరలీటరు నార్మల్ సెలైన్‌లో 4.5 గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్ళే. అదే 5 శాతం డెక్స్‌ట్రోజ్ అయితే 25 గ్రాముల గ్లూకోజు. మహా అయితే 100 కేలరీలు. బండి మీద రెండిడ్లీ తిన్నా అంతే! అందులో పచ్చగా ఓ విటమిన్ ఇంజెక్షన్ కలిపితే ఆ రంగు చూసే సగం బలం వచ్చేస్తుంది మనకి :)

"కానీ ఎక్కించుకున్నాక హుషారుగా ఉంటోంది కదండీ" అంటారు. ఉండదా మరి? ల్యాప్‌టాప్ మూసేసి గంటన్నర కదలకుండా పడుకుంటిరి! వాంతులూ విరేచనాలతో గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవని మనిషికి సెలైన్ ప్రాణం పోస్తుంది, కాదనను. నెలల తరబడి వదలని నీరసం వేరే సంగతి.

సర్వరు రోజూ పడిపోతుంటే రీస్టార్ట్ చేసి ఇంటికెళ్ళిపోతామా? లాగ్ తీసి చూస్తాం. ఒంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం రీస్టార్టే. నీరసం వెనక రక్తహీనత ఉండొచ్చు, థైరాయిడ్, షుగరు, డిప్రెషన్ ఉండొచ్చు, టీబీ కూడా ఉండొచ్చు. ఏళ్ళ తరబడి పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర వల్ల బి12 తగ్గే అవకాశమూ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. టీములో అమ్మాయి "ఓపిక లేదు" అంటే బద్ధకమని నవ్వే లీడ్లు ఈ అంకె ఓసారి చదువుకోవాలి.

2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్'లో వచ్చిన అధ్యయనంలో అయితే హైదరాబాదు ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు! వీళ్ళకి చక్కెర నీళ్ళు ఎక్కించి ఎవర్ని ఉద్ధరిద్దామని?

సీబీపీ, థైరాయిడ్, షుగరు పరీక్షలు పెద్ద బ్రహ్మవిద్య కాదు. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలున్నాయి, డబ్బు తీసుకోకుండా రక్తనమూనా తీసుకుంటారు. కాకపోతే ఆ లైన్లో నిలబడ్డానికి మన ప్యాకేజీ ఒప్పుకోదు. సరే, ప్రైవేటు డాక్టరు దగ్గరికే పోదాం, కానీ బాటిల్ అడక్కుండా విషయం చెబుదాం: ఎప్పట్నించి, బరువు తగ్గామా, సాయంత్రాలు జ్వరం వస్తోందా, మెట్రో మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, ఎన్ని గంటలు నిద్రపోతున్నాం. ఆయాసం, జ్వరం, బరువు తగ్గడం ఉంటే శనివారం దాకా ఆగకండి.

నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బుకి పెద్ద గురక ఓ గుర్తు. అది మాత్రం మీకు తెలియదు, రూమ్మేట్‌ని అడిగి వెళ్ళండి.